గాలిని చూపించే తోటివాళ్లు: బీర్ బిల్లింగ్‌లో ఒక రోజు

ఉదయం ఏడింటికి బీర్‌లో పారాగ్లైడింగ్ పైలట్లెవరూ ఆకాశం వైపు చూడరు. అందరి తలలూ ఫోన్లలోనే ఉంటాయి. ఆ రోజూ అంతే. గెస్ట్‌హౌస్ డాబా మీద ఆలూ పరాఠాలు, పెరుగు, గాజు గ్లాసుల్లో టీ, మధ్యలో నాలుగు ఫోన్లు. నాలుగింటిలోనూ గాలి మ్యాపులే. ఆకాశం ఎలాగూ తేటగా ఉంది. అక్టోబర్ చివర్లో ఇక్కడ పొద్దున పూట మబ్బు కనబడడం అరుదు. మాకు కావలసిన సంగతి కంటికి ఆనేది కాదు. 3,000 మీటర్ల దగ్గర, 4,000 మీటర్ల దగ్గర గాలి ఎటు నుంచి వస్తోంది, ఎంత జోరుగా వస్తోంది అన్నదే మా గోల.

బీర్ హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో ఉంది. ఊరికి ఉత్తరాన ధౌలాధార్ కొండలు అడ్డంగా నిలబడి ఉంటాయి. పై గాలి ఉత్తరం నుంచి గట్టిగా వీస్తే ఆ శిఖరాలు దాటి మా వైపు వాలులోకి దొర్లిపడి సుడులు తిరుగుతుంది. పైలట్లు రోటర్ అని భయపడేది దానికే. చిక్కేమిటంటే, అలాంటి రోజున కూడా కింద ఊళ్లో ఆకు కదలదు. ఎండ హాయిగా ఉంటుంది, టూరిస్టులు ఫొటోలు దిగుతుంటారు, ఎగరడానికి ఇంతకన్నా మంచి రోజు ఉంటుందా అనిపిస్తుంది. పైకి వెళ్లినవాడికి తెలుస్తుంది అసలు సంగతి.

ఆ రోజు 4,000 మీటర్ల దగ్గర వాయవ్యం నుంచి గంటకు 10 కిలోమీటర్లు, మధ్యాహ్నానికి 15 అని చూపించింది. ఫర్వాలేదు. ‘రెండింటి దాకా బాగుంటుంది. ఆ తర్వాత సంగతి అక్కడే చూసుకుందాం’ అన్నాడు దాదా.

దాదా అంటే పుణె నుంచి వచ్చిన మరాఠీ పైలట్. యాభై దాటాయి, తక్కువ మాట్లాడతాడు. నేను ఉద్యోగం రీత్యా పుణె వెళ్లి, కామ్‌షెట్ దగ్గర గుట్టల మీద పారాగ్లైడింగ్ నేర్చుకున్నప్పుడు పరిచయం. మాది ఖమ్మం. ఎగరడం నేర్చుకుంటున్నానంటే మా ఇంట్లో మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, ఇప్పుడు ‘దిగగానే ఫోన్ చెయ్యి’ అంటున్నారు. మిగతా ఇద్దరిలో ఒకరు బెంగళూరులో పళ్ల డాక్టర్. మేమంతా డాక్టర్ గారూ అనే పిలుస్తాం, ఆవిడ మాత్రం అందర్నీ పేరు పెట్టి పిలుస్తుంది. ఇంకొకడు వైజాగ్ కుర్రాడు. సముద్రం ఒడ్డున పుట్టి కొండల్లో పడ్డవాడు, నన్ను అన్నా అంటాడు. వీళ్లు కాక గెస్ట్‌హౌస్ వాళ్లబ్బాయి ఉన్నాడు. గద్దీ తెగ కుర్రాడు, ట్యాండెమ్ పైలట్, అంటే ఇంకొకరిని తనతో కట్టుకుని ఎగిరేవాడు. వాళ్ల తాతలు ఈ కొండల మీద గొర్రెలు మేపారు, ఇతను టూరిస్టులను ఎగరేస్తాడు. ఆ రోజు అతనికి సెలవు కాబట్టి మాతో సోలోగా వస్తానన్నాడు.

బీర్ నుంచి బిల్లింగ్ టేకాఫ్‌కు 14 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. బిల్లింగ్ ఎత్తు సుమారు 2,400 మీటర్లు. దిగేది కింద బీర్ పక్కనున్న చౌగాన్ మైదానంలో. జీపు నెత్తిన గ్లైడర్ సంచులు కట్టుకుని బయలుదేరాం. ఒక్కో సంచి 15 కిలోల దాకా ఉంటుంది, అందులో గుడ్డ రెక్క, మనిషి కూర్చునే హార్నెస్, రిజర్వ్ పారాషూట్, హెల్మెట్, చలి బట్టలు. సగం దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. థమ్‌సర్ కనుమ అవతలి బడా భంగాల్ వైపు పచ్చికల్లో వేసవంతా మేపుకుని, చలి ముదరక ముందే కిందికి దిగుతున్న మందలవి. డ్రైవర్ హారన్ కొట్టలేదు. ఇంజిన్ ఆపి బీడీ వెలిగించాడు. మా గద్దీ కుర్రాడు దిగి కాపరితో కాసేపు మాట్లాడి వచ్చాడు. ‘పైన మూడు రోజుల నుంచి మధ్యాహ్నం మబ్బు కడుతోందట, సాయంత్రానికి విడిపోతోందట’ అని చెప్పాడు. ఏ ఫోన్‌లోనూ లేని ముక్క అది. దాదా తల ఊపాడు.

బిల్లింగ్ మీద తొమ్మిదిన్నరకే తిరనాళ్ల జనం. మ్యాగీ బండ్లు, టీ కొట్లు, సెల్ఫీ కర్రలు, ఎవరి స్పీకర్‌లోంచో పంజాబీ పాట. 2015లో ఇక్కడ పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ జరిగింది, అప్పటి నుంచి జనానికి లోటు లేదు. సీజన్‌లో వరసగా ట్యాండెమ్‌లు లేస్తూనే ఉంటాయి. ముందు టూరిస్టు, వెనక పైలట్, ‘పరిగెత్తు, పరిగెత్తు, కూర్చోకు’ అని అరుపులు. సోలో పైలట్లలో కొందరికి ఈ రద్దీ అంటే చిరాకు. నాకు లేదు. రోజూ ఇదే కొండ మీద ఇదే గాలిలో ఎగిరేవాళ్లు ఈ ట్యాండెమ్ పైలట్లే. వాళ్లు ఎక్కడ లేస్తున్నారు, ఎక్కడ మునుగుతున్నారు అని పది నిమిషాలు చూస్తే చాలు, ఆ రోజు కొండ ఎలా ఉందో తెలిసిపోతుంది. స్పీకర్ పెట్టినవాడి మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. టేకాఫ్ మీద గాలి మారడం చాలాసార్లు ముందు చెవికి తెలుస్తుంది.

తర్వాత కాచుక్కూర్చోవడం. చూడ్డానికొచ్చినవాళ్లకు ఇది అర్థం కాదు. అంత దూరం వచ్చి, సంచి విప్పి, గంటన్నర గడ్డిలో కూర్చుంటారేమిటి అని అడుగుతారు. పొద్దున చల్లబడిన గాలి వాలు వెంట కిందికి జారుతుంటుంది. దక్షిణానికి తిరిగి ఉన్న ఈ కొండ ఎండకు కాగిన కొద్దీ ఆ గాలి నెమ్మదించి, ఆగి, ఎదురు తిరిగి పైకి పాకడం మొదలుపెడుతుంది. టేకాఫ్ దగ్గర కట్టిన రిబ్బన్లు మొదట వేలాడతాయి, తర్వాత ఎటూ తేలక ఆడతాయి, చివరికి మా మొహాల వైపు తిరుగుతాయి. మొహానికి గాలి తగిలితేనే రెక్క లేస్తుంది.

ఆ ఖాళీలో ఒకరినొకరం తనిఖీ చేసుకున్నాం. ఎవరి సామాను వాళ్లు చూసుకుంటారు, ఆ తర్వాత పక్కవాడు మళ్లీ చూస్తాడు. కాలి పట్టీలు, ఛాతీ పట్టీ, కారబినర్లు, రిజర్వ్ పిన్ను, స్పీడ్‌బార్ తాడు, హెల్మెట్ బకిల్, వాకీటాకీ. కాలి పట్టీలు పెట్టుకోవడం మరిచిపోయి గాల్లోకి లేచి ప్రాణాలు పోగొట్టుకున్న అనుభవజ్ఞులు ఈ ఆటలో ఉన్నారు. కొత్తవాళ్లు భయంతో అన్నీ చూసుకుంటారు, మరిచేది పాతవాళ్లే. అందుకే దాదా అంతటివాడి పట్టీలను కూడా వైజాగ్ కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని లాగి చూస్తాడు. దాదా చేతులెత్తి బుద్ధిగా నిలబడతాడు.

పదకొండు దగ్గరపడుతుండగా అందరూ సిద్ధంగానే ఉన్నారు గానీ ఒక్కరూ కదలరు. సోలో పైలట్లందరిలోనూ ఈ మొహమాటం ఉంది, ‘మీరు పదండి’ ‘లేదు, మీరే పదండి’. ముందు ఎగిరినవాడు మునిగితే పది నిమిషాల్లో చౌగాన్‌లో ఉంటాడు, మళ్లీ జీపెక్కాలి. లేచాడంటే మిగతావాళ్లకు దారి తెలిసినట్టే. చివరికి గద్దీ కుర్రాడే లేచాడు. రెక్క ఒక్క ఊపులో నెత్తి మీదికి తెచ్చుకుని, తిరిగి, నాలుగు అంగలు వేసి కొండ వదిలాడు. కుడి వైపు మొదటి దిబ్బ దాకా తిన్నగా వెళ్లి అక్కడ చుట్టడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టుకు మా కళ్ల ఎత్తుకు వచ్చాడు. మూడో చుట్టుకు మేం తలలెత్తి చూస్తున్నాం. అంతే, అందరూ ఒక్కసారి రెక్కల మీద పడ్డారు.

నా వంతు వచ్చేసరికి గాలి కాస్త ఎక్కువగానే ఉంది, అందుకని రెక్కకు ఎదురుగా తిరిగి లేపాను. ముందు రైజర్లు, అంటే రెక్క తాళ్లను హార్నెస్‌కు కలిపే పట్టీలు, పట్టుకుని అడుగు వెనక్కి వేస్తే పాతిక చదరపు మీటర్ల గుడ్డ గలగలమని లేచి తలపైన ఆగుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి. తాళ్లు చిక్కుపడలేదు కదా, రెండు కొసలూ తెరుచుకున్నాయి కదా. ఆ క్షణంలో బాగాలేదనిపిస్తే పడెయ్యడానికి ఇంకా అవకాశం ఉంటుంది. బాగుంది. తిరిగాను, పరిగెత్తాను. మూడో నాలుగో అడుగు నేలకు అందలేదు.

థర్మల్ గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా రెక్కకు ఇంజిన్ లేదు. కదలని గాలిలో అది సెకనుకు మీటరుకు కాస్త ఎక్కువగా కిందికి దిగుతూనే ఉంటుంది. గంటకు 38 కిలోమీటర్ల వేగంతో ముందుకు జారుతూ దిగుతుంది, అంతే. పైకి వెళ్లాలంటే మనం దిగే వేగం కన్నా ఎక్కువ వేగంతో లేస్తున్న గాలి దొరకాలి. ఎండకు రాతి చరియలు, కోత కోసిన పొలాలు పక్కనున్న అడవి కన్నా ఎక్కువ కాగుతాయి. వాటి మీది గాలి, ఎసరు పెట్టిన గిన్నె అడుగున అంటుకున్న బుడగ ఉన్నట్టుండి ఊడి పైకొచ్చినట్టు, ఏ గట్టు కొసనో ఏ చెట్ల అంచునో విడివడి లేస్తుంది. అదే థర్మల్. అందులో దూరి, బయటపడకుండా గుండ్రంగా తిరుగుతూ ఎక్కాలి. హార్నెస్‌కు తగిలించిన వేరియో అనే పరికరం, లేస్తుంటే కీచుకీచుమని, దిగుతుంటే బొంగురుగా మూలుగుతుంది.

కానీ వేరియో చెప్పేది నేను ఉన్న చోటు గురించి మాత్రమే. యాభై మీటర్ల అవతల ఏముందో దానికి తెలియదు. అది చెప్పేవాళ్లు తోటి పైలట్లు. గాలి కనబడదు, రెక్కలు కనబడతాయి. ఎదురుగా తిరుగుతున్న ఎర్ర రెక్క నాకన్నా జోరుగా లేస్తోందంటే థర్మల్ నడుము అటు ఉందని అర్థం, నా చుట్టును అటు జరుపుకుంటాను. నేను జరిగింది చూసి వెనకవాడు జరుపుకుంటాడు. ఎవరూ ఏమీ మాట్లాడరు. ఒకే థర్మల్‌లో ఎనిమిది మంది, పది మంది. మొదట దూరినవాడు ఎడమకు తిరిగితే అందరూ ఎడమకే తిరగాలి, ఇది ప్రపంచమంతా ఒకటే నియమం. మన ఎత్తులోనే ఉన్నవాడిని చుట్టుకు అవతలి వైపు ఉంచుకుంటే ఇద్దరూ ఒకరికొకరు కనబడుతూ ఉంటారు. డాక్టర్ గారు కాసేపు సరిగ్గా అలా నా ఎదురుగా ఉంది. అంత దూరం నుంచి కూడా ఆవిడ నా కళ్లు ఎటు చూస్తున్నాయో గమనిస్తోందని తెలుస్తూనే ఉంది.

2,800 దాటాక రాబందులు వచ్చి కలిశాయి. హిమాలయన్ గ్రిఫన్లు, రెక్కలు చాస్తే మూడు మీటర్లకు దగ్గరగా ఉంటాయి. ఒకటి నా రెక్క కొస పక్కగా వచ్చి, మెడ తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఏం లెక్క కట్టిందో, మరుక్షణం లోపలికి జరిగి చిన్న చుట్టు చుట్టి నా నెత్తి మీదికి వెళ్లిపోయింది. రెక్క ఒక్కసారీ ఆడించలేదు. అది వెళ్లిన చోటికే వెళ్లాను, వేరియో గొంతు మారింది. మా ఊరి చుట్టుపక్కల తమ చిన్నప్పుడు రాబందులు ఉండేవని పెద్దవాళ్లు చెబుతారు, నేను పెద్దయ్యేసరికి లేవు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి కడుపులోకి చేరి, మూత్రపిండాలు పాడై, దేశమంతటా రాబందులు రాలిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. చిన్నప్పుడు చూడలేని పిట్టను ఇలా గాల్లో, దాని చోట, దాని పక్కన కూర్చుని చూడడం నాకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

3,300 మీటర్ల దగ్గర చలి పట్టుకుంది. ఇలాంటి పొడి గాలిలో వంద మీటర్లు ఎక్కితే దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. కింద టీషర్ట్ వాతావరణం, పైన రెండు జతల చేతి తొడుగులు. వెనక ధౌలాధార్ మంచు శిఖరాలు, ముందు కాంగ్రా లోయ, దాని అవతల పొగమంచులో మైదానాలు. ‘పడమరకి’ అని వాకీటాకీలో దాదా గొంతు.

బిల్లింగ్ నుంచి ధర్మశాల దాకా గీత గీస్తే 40 కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడుగునా కొండ దక్షిణానికి చాచిన గట్లు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. ఒక గట్టు మీద ఎత్తు సంపాదించి, మధ్య లోయ దాటి, తర్వాతి గట్టుకు తగులుకోవాలి. గట్ల మీద లేస్తాం, లోయల్లో దిగుతాం. మొదటి పెద్ద లోయ బిన్వా వాగుది. ఆ వాగు కిందికి పారి బైజ్‌నాథ్ గుడి పక్కగా పోతుంది. 13వ శతాబ్దపు రాతి గుడి, పైనుంచి అగ్గిపెట్టె అంత కూడా ఉండదు. రావణుడు శివుడి కోసం తపస్సు చేసింది ఇక్కడేనని నమ్ముతారు, అందుకే బైజ్‌నాథ్‌లో దసరాకు రావణుడి బొమ్మ కాల్చరు. దేశమంతా కాల్చేసి రెండు వారాలైంది, ఆ ఊరి వాళ్లు మాత్రం ఏ పాపం ఎరుగరు.

లోయ దాటేటప్పుడు ఒకరి వెనక ఒకరం వెళ్లలేదు. పక్కపక్కగా, మనిషికీ మనిషికీ వంద మీటర్లకు పైగా ఎడం ఉంచుకుని, వరస కట్టి వెళ్లాం. ఒకడి వెనక ఒకడు వెళ్తే అందరూ అదే గాలిలో మునుగుతారు. ఇలా పరుచుకుని వెళ్తే ఎవరో ఒకరికి లిఫ్ట్, అంటే లేచే గాలి, తగులుతుంది, అతని రెక్క చటుక్కున లేవడం మిగతావాళ్లకు కనబడుతుంది. ఆ రోజు నాకు బొత్తిగా అందలేదు. వేరియో మూలుగుతోంది, అవతలి గట్టు చెట్లు పెద్దవవుతున్నాయి, ఇక లోయ వైపు తిరిగి పొలం వెతుక్కోవాలేమో అని కాళ్ల కింద చూస్తున్నాను. ఎడమ పక్క చివరన ఉన్న వైజాగ్ కుర్రాడి రెక్క ముందంచు ఎగిసిపడినట్టు కనిపించింది. రేడియోలో ‘అన్నా’ అని ఒక్క మాట. అప్పటికే అటు తిరిగాను.

డాక్టర్ గారు బిన్వా దాటలేదు. ‘చేతులు తిమ్మిరెక్కాయి, నేను వెనక్కి’ అంది. ‘సరే’ అన్నాడు దాదా. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. ఇంకొంచెం రండి, ఎండ పక్కకు వస్తే తగ్గుతుంది, ఈ రోజు మళ్లీ దొరకదు, ఇలాంటివి మా గుంపులో రేడియోలో అనకూడదు. పైనున్న మనిషి చేతుల్లో ఏముందో కిందున్నవాడికీ పక్కనున్నవాడికీ తెలియదు. నాకు ఈ గుంపు నచ్చడానికి మొదటి కారణం ఇదే. వేరే గుంపులతో కూడా ఎగిరాను, ‘ఏం కాదు, రా రా’ అనేవాళ్లతో. అలాంటివాళ్లతో రెండోసారి ఎగరలేదు.

ఒంటిగంట దాటేసరికి పాలంపూర్ పైన ఉన్నాం. టీ తోటలు కింద పచ్చగా, కత్తిరించినట్టు. ముందు న్యూగల్ వాగు లోయ, బిన్వా కన్నా లోతుగా, రాళ్ల తెల్లదనంతో కనబడుతోంది. గొర్రెల కాపరి చెప్పిన మబ్బు అప్పుడు మొదలైంది. వెనక శిఖరాల మీద దూదిలా కాక, కింద నల్లగా, పైకి కోసుగా పెరుగుతోంది. దాని తల ఆగ్నేయానికి వాలుతోంది, అంటే పైన వాయవ్య గాలి బలపడుతోంది. వైజాగ్ కుర్రాడు మా ఇద్దరి కన్నా ముందు ఉన్నాడు, అప్పటికే లోయ దాటేశాడు. అవతలి గట్టుకు కిందుగా చేరి అక్కడ వెతుకుతున్నాడు. అటు ఒక చుట్టు, ఇటు ఒక చుట్టు, ప్రతి చుట్టుకూ ఇంకాస్త కిందికి. దాదా, నేను ఇవతలి గట్టు మీద దొరికిన కొంచెం లిఫ్ట్‌లో తిరుగుతూ చూస్తున్నాం. ఎండ పడాల్సిన చరియ మీద మబ్బు నీడ పడి ఉంది. అక్కడ ఏమీ లేస్తున్నట్టు లేదు.

‘తిరుగుదాం’ అన్నాడు దాదా.

‘నేను ల్యాండ్ అవుతా’ అన్నాడు కుర్రాడు. గొంతులో కంగారు లేదు. ‘కింద కోసిన వరి మళ్లున్నాయి. పొగ కూడా కనబడుతోంది, గాలి నైరుతి.’

‘తీగలు చూసుకో.’

‘చూశా. తూర్పు పక్క లైను ఉంది. పడమర మడిలో దిగుతా.’

ఆ తర్వాత అతను గట్టు చాటుకు వెళ్లిపోయాడు, రేడియో పోయింది. కొత్త చోట దిగడంలో కొండ కన్నా కరెంటు తీగలే ఎక్కువ ప్రమాదం. సన్నటి తీగ పైనుంచి కనబడదు. స్తంభాలు కనబడతాయి, రెండు స్తంభాల మధ్య తీగ ఉందనే అనుకోవాలి.

వెనక్కి వచ్చేటప్పుడు గాలి తోడైంది. నేల మీద లెక్కలో గంటకు 50 దాటి వెళ్తున్నాం. తోడొచ్చే గాలి సుఖంగా ఉంటుంది గానీ, గట్ల వెనక పక్క ఇబ్బంది పెడుతుంది. బిన్వా దాటాక ఒక దిబ్బ నీడలోకి వచ్చామో లేదో ఎడమ వైపు రెక్క సగం దాకా మడతపడింది. పైన పెద్ద చప్పుడు, తాళ్లు వదులు, ఒంటి బరువంతా ఒక పక్కకు ఒరిగింది, ముక్కు కొండ వైపు తిరగబోయింది. ఇలాంటప్పుడు చేయాల్సింది నీళ్ల మీద ట్రైనింగ్‌లో చేతులకు నేర్పించి ఉంటారు. ఒళ్లు తెరుచుకున్న వైపుకు వంచాలి, ఆ వైపు బ్రేక్, అంటే రెక్క వెనకంచును కిందికి లాగే తాడు, కొద్దిగా పట్టి దిశ నిలబెట్టాలి, ముందు కొండకు దూరంగా పోవాలి, మడత సంగతి తర్వాత. కొద్దిగానే పట్టాలి, గట్టిగా లాగితే తెరిచి ఉన్న సగం కూడా ఆగిపోతుంది. ఎడమ బ్రేక్ ఒకసారి నిండా లాగి వదిలాను, ఫట్‌మని తెరుచుకుంది. రెండు మూడు సెకన్లు పట్టి ఉంటుంది. గుండె దడ మాత్రం చాలాసేపటి దాకా తగ్గలేదు.

‘బాగుందా?’ దాదా.

‘బాగుంది.’

‘గట్టుకు ఇంకా ముందుకు రా. లోయ మీదికి.’ అతను అప్పటికే లోయ మీదికి జరిగిపోయి ఉన్నాడు. నా రెక్క మడత చూసి తన దారి మార్చుకున్నాడన్నమాట.

చౌగాన్ పైకి వచ్చేసరికి ఎత్తు ఇంకా మిగిలి ఉంది, కిందికి దిగడమే పని అయింది. కాగిన లోయంతా మెల్లగా పైకి వేడి వదులుతుంటే సాయంత్రం ఇక్కడ రెక్క దిగనంటుంది. పొలాల మీద పెద్ద పెద్ద ఎనిమిదులు తిప్పుకుంటూ, విండ్‌సాక్ చూసుకుంటూ, కింద వరసగా దిగుతున్న ట్యాండెమ్‌లకు దారి వదులుతూ వచ్చాను. మైదానం నిండా మనుషులు, కుక్కలు, ఐస్‌క్రీమ్ బండి. ఎదురుగాలికి తిరిగి చివరి పరుగు మీదికి రాగానే ఒక నాన్న పాపను ఎత్తుకుని సరిగ్గా నేను దిగబోయే చోటికి నడుచుకుంటూ వచ్చాడు, ఫోన్ పట్టుకుని. ‘హటో, హటో’ అని అరిచాను. అటు పక్కకు దిగాను. ఆయన చప్పట్లు కొట్టాడు.

డాక్టర్ గారు గడ్డిలో కూర్చుని ఆరెంజ్ వలుచుకుంటోంది. వేళ్లకు రక్తం తిరిగొచ్చిందట. మమ్మల్ని చూసి అడిగిన మొదటి మాట, ‘పిల్లాడేడీ?’

పైలట్లు దిగాక చేసే పనుల్లో రెక్క మడతపెట్టడం రెండోది. మొదటిది లెక్క. గుంపులో ఎవరు దిగారు, ఎవరు దిగలేదు, చివరగా ఎవరు ఎక్కడ కనబడ్డారు. దిగినవాడు ‘ల్యాండెడ్, సేఫ్’ అని మెసేజ్ పెట్టే దాకా గుంపులో ఎవరూ భోజనానికి లేవరు. ముందు కొండ వైపు, అంటే లోయ వైపు, ఫోన్ సిగ్నల్ బాగానే ఉంటుంది. వెనక శ్రేణిలోకి వెళ్లినవాడి సంగతే కష్టం. అక్కడ సిగ్నల్ ఉండదు, దిగడానికి చదును ఉండదు, రాత్రికి చలి. ఏటా వెతుకులాటలు జరిగేది ఆ పక్కనే. మా కుర్రాడు లోయ వైపే దిగాడని తెలుసు, పొగ చూశాడని తెలుసు, తీగలు చూశాడనీ తెలుసు. అయినా మెసేజ్ రాలేదు. గద్దీ కుర్రాడు పాలంపూర్ వైపు ఉన్న తనకు తెలిసిన ట్యాక్సీవాళ్లకు ఫోన్లు మొదలుపెట్టాడు. దాదా తన ఫోన్‌లో ట్రాక్, అంటే ఎగిరిన దారి గీత, తెరిచి, కుర్రాడు చివరగా కనబడ్డ చోటును మ్యాప్ మీద గుర్తుపెట్టి ఉంచాడు. చీకటి పడడానికి రెండు గంటలుంది. ఆలోచించడానికి అది చాలా ఎక్కువ టైము.

ఇరవై నిమిషాలకు మెసేజ్ వచ్చింది. ‘సేఫ్. ఫోన్ చార్జింగ్ అయిపోయింది, ఆంటీ వాళ్లింట్లో పెట్టా.’ వెంట ఒక ఫొటో, ఇత్తడి గ్లాసులో టీ.

అతను రాత్రి ఎనిమిదింటికి వచ్చాడు. పాలంపూర్ దాకా ఎవరో బైక్ మీద దింపారట, అక్కడి నుంచి బైజ్‌నాథ్ బస్సు, ఇంకో బస్సులో బీర్ రోడ్డు మలుపు, అక్కడి నుంచి ఆటో. రెక్క సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టర్ సంచికి కూడా టికెట్ కొట్టాడు. మడిలో దిగగానే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో పరిగెత్తుకొచ్చారట, రెక్క మడతపెట్టడంలో అందరూ తలో చెయ్యి వేశారు, గడ్డి పరకలతో సహా మడిచారు. మడి ఆసామిని క్షమించమని అడిగితే ‘కోత అయిపోయిందిగా, రోజూ దిగు’ అన్నాడట. ఇంటావిడ మాత్రం ఒకటే ప్రశ్న, ‘దీనికి నీకు జీతం ఎంత ఇస్తారు?’ ఇవ్వరు, మేమే ఖర్చు పెట్టుకుంటాం అంటే నమ్మలేదట. మీ అమ్మకు తెలుసా అని అడిగిందట.

టిబెటన్ కాలనీలో ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం, తుక్పాలు, మోమోలు. ఫోన్లు మళ్లీ బల్ల మీదికి వచ్చాయి, ఈసారి ట్రాక్‌ల కోసం. ఎవరు ఎక్కడ లేచారు, ఎక్కడ మునిగారు అన్నీ రంగు గీతల్లో కనబడతాయి. కుర్రాడి గీత న్యూగల్ దాటాక నీలంగా మారి, చిన్న చిన్న ముడులు పడుతూ మళ్ల దాకా దిగింది. అతనికి కాస్త చిన్నతనంగా ఉన్నట్టుంది. ‘మీరు ఎందుకు దాటలేదు దాదా, మీకు ఎత్తు ఉందిగా?’ అని అడిగాడు.

‘నిన్ను చూశాం కాబట్టి. అక్కడ ఏమీ లేదని నువ్వే చూపించావు.’

‘అంటే నేను మునిగితే మీకు లాభమన్నమాట.’

‘అన్నమాటే’ అన్నాడు దాదా. బిల్లు తనవైపు లాక్కుని, వాడికి ఇంకో ప్లేటు మోమోలు చెప్పాడు.